నామఫలకము మీది ఊరి పేరు

ఊరు విడిచి వచ్చినవాడు తన వెంట తెచ్చుకొనగలిగినది ఆ ఊరి పేరు ఒక్కటే. పొలము రాదు, బావి రాదు, పెరటిలోని చింతచెట్టు రాదు. మన కుటుంబములలో పెక్కింటి ఇంటిపేర్లు ఇట్లు వచ్చినవే. ఆ పల్లె ఏ తాలూకాలో నున్నదో నేటి పిల్లలకు తెలియదు; నిజము చెప్పవలసినచో, పెద్దలలోను కొందరకు తెలియదు. మధురలోనో, హోసూరులోనో, షోలాపురములోనో, బరంపురములోనో తరతరములుగా కాపురముండి, అచ్చటి భాషలో పద్దులు వ్రాసికొని, అచ్చటి దేవతలకు మ్రొక్కుకొని, వాకిటి పలకపై మాత్రము ఎన్నడును చూడని యొక పల్లె పేరు చెక్కించుకొని బ్రదుకుచున్నాము. ఆ పలకను చూచి, నీవు ఏ రాజ్యపువాడవని అడిగినవారు అరుదు.

ఈ పీఠికకు కారణము కలదు. 2019 ఫిబ్రవరి 22వ తేదీన బెంగళూరు ఇందిరానగరములోని ఒక బేకరీ ముందు గుంపు చేరి, దాని నామఫలకముపై నున్న 'కరాచీ' అను మాటను కప్పివేయవలెనని పట్టుపట్టెను. అంగడివారు దానిని గుడ్డతో కప్పిరి. అంతకు ఎనిమిది దినములు ముందు, ఫిబ్రవరి 14న, కాశ్మీరములోని పుల్వామా వద్ద ఆత్మాహుతి దాడిలో కేంద్ర రిజర్వు పోలీసు దళమునకు చెందిన 40 మంది జవానులు మరణించిరి. దాడి తామే చేసితిమని పాకిస్తానులో వ్రేళ్లూనిన జైష్-ఎ-మొహమ్మద్ ప్రకటించుకొనెను. దేశమంతయు దుఃఖముతోను, ఆగ్రహముతోను ఉడికిపోవుచుండెను. ఆ ఆగ్రహమును మేము తప్పు పట్టము. అది వెదకికొన్న చోటు మాత్రము విచారింపదగినది.

ఆ బేకరీ ఎవరిది? దేశవిభజన కాలమున కరాచీ విడిచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ అను సింధీ గృహస్థు 1953లో హైదరాబాదున స్థాపించినది. దాని ఫ్రూటు బిస్కత్తుల పెట్టె లేకుండ హైదరాబాదు నుండి చుట్టపుచూపునకు వచ్చువారు మనలో ఎందరున్నారు? ఏ ఊరినుండి తరిమివేయబడెనో ఆ ఊరి పేరును అంగడికి పెట్టుకొన్నాడు. అది పాకిస్తానుపై ప్రేమ కాదు, పోగొట్టుకొన్న ఇంటిపై మమకారము. మన భాషలో దానికి చక్కని మాట ఉన్నది: ఇంటిపేరు.

ఉగ్రవాదుల దాడి జరిగిన పిమ్మట సరిహద్దునకు ఈవలను ఆవలను ప్రజలు పలుకు మాటలను, చేయు చేష్టలను ఒక రచనను పరిశీలించినట్లు పరిశీలింపవలెనని మాకు చిరకాలముగా కోరిక. రాజకీయమును రాజకీయజ్ఞులు చూచుకొందురు. మేము అడుగునది విమర్శకుడు అడుగు పాత ప్రశ్నయే. వక్త ఎవరు? శ్రోత ఎవరు? పొరుగుదేశమును తిట్టుచు తన వీధివారి చప్పట్లకు పలికిన మాట ఒక జాతిది. తన వీధివారే వినవలెనని, వారికి నచ్చదని తెలిసియు పలికిన మాట మరియొక జాతిది. మొదటిదానికి ఖర్చు లేదు, లేదా ఆ ఖర్చు పొరుగువాడు భరించును. రెండవదాని వెల పలికినవాడే చెల్లించును.

2008 నవంబరు 26 రాత్రి ముంబయిలో మొదలైన దాడిలో 166 మంది హతులైరి. వారము తిరుగునప్పటికి, డిసెంబరు 3 సాయంకాలమున, గేట్‌వే ఆఫ్ ఇండియా యొద్దకు వేలకొలది జనము కొవ్వొత్తులతో చేరెను. అచ్చట వినబడిన నినాదములలో పాకిస్తానుపై ఎన్ని యున్నవో, మన నాయకుల అసమర్థతపైనను అన్ని యుండెను. ఆవలి దేశపు టెలివిజనులో కొందరు మేధావులు దుండగులు తమ దేశస్థులే కారని వాదించుచుండిరి. అట్టి సమయమున, కరాచీ కేంద్రముగా వెలువడు 'డాన్' పత్రిక పంజాబులోని ఫరీద్‌కోట్ అను పల్లెకు పోయి విచారించి, పట్టుబడిన కసబ్ తన కుమారుడే యని అతని తండ్రి ఒప్పుకొన్న సంగతిని డిసెంబరు 12న అచ్చువేసెను. సంపాదకీయపు ఆర్భాటము లేదు. ఒక తండ్రి, ఒక గుడిసె, ఒక ఒప్పుకోలు. ఆ దినములలో ఉభయదేశములలో వెలువడిన లక్షలాది మాటలలో మేము ఉత్తమ రచన యని ఎంచునది అదియే. కరాచీ యన్న పేరు వినినంతనే మండిపడువారు ఇది జ్ఞాపకముంచుకొనిన బాగుండును. కసబ్ పాకిస్తానీయుడేనని 2009 జనవరి 7న ఆ ప్రభుత్వమును అంగీకరింపవలసి వచ్చెను. ఆ మాట బయటపెట్టిన భద్రతా సలహాదారు మహమూద్ అలీ దుర్రానీని అదే దినమున పదవి నుండి తొలగించిరి. సత్యమునకు అచ్చట కట్టిన వెల అది.

2014 డిసెంబరు 16న పెషావరులోని సైనిక పాఠశాలపై తాలిబానులు పడి 140 మందికి పైగా చంపిరి. వారిలో అత్యధికులు పిల్లలు. మరునాడు మన దేశమున పాఠశాలలలో రెండు నిమిషములు మౌనము పాటించిరి. మౌనమును ఎట్లు విమర్శింపవలెను? దానిలో మాట లేదు. కాని శత్రువని పాఠ్యపుస్తకము చదివి తెలిసికొన్న దేశపు పిల్లలకొరకు ఎనిమిదేండ్ల బాలుడు చేతులు కట్టుకొని నిలుచుట సామాన్య విషయము కాదు. ఆ వెంటనే, డిసెంబరు 18న, ముంబయి దాడి కేసులో ముద్దాయియైన లఖ్వీకి పాకిస్తాను న్యాయస్థానము బెయిలు మంజూరు చేసెను. మన మౌనమునకు ప్రతిఫలము ఇదియా యని పలువురు ఆక్రోశించిరి. ఆక్రోశము సహజమే. కాని ఆ మౌనము ఏదియో కొనుటకు చెల్లించిన రొక్కము కాదు గదా! చచ్చిన పిల్లలకొరకు చేసినది, వారికి చెందెను.

మరల పుల్వామాకు వత్తము. ఆ దాడి జరిగిన కొలది దినములకు లాహోరుకు చెందిన సెహర్ మీర్జా అను పత్రికారచయిత్రి, తాను పాకిస్తానీయురాలననియు, ఈ దాడిని ఖండించుచున్నాననియు వ్రాసిన అట్టముక్కను చేతబట్టుకొని ఫోటో తీయించుకొని లోకమునకు చూపెను. మరికొందరు యువతులు ఆమెను అనుసరించిరి. ఇచ్చటివారిలో కొందరు కృతజ్ఞత తెలిపిరి. కొందరు ఇదియొక నటనయని ఈసడించిరి. అచ్చటివారిలోను తిట్టినవారు కలరు. ఉభయపక్షములవారు తిట్టిరనగా ఆ వాక్యము సరియైన చోట తగిలినదని మా యభిప్రాయము. ఆ వాక్యములో 'కాని' అను మాట లేదు. ఖండించుచున్నాము కాని, విచారించుచున్నాము కాని, అని సాగు ప్రకటనలకు అలవాటు పడిన చెవులకు ఆ లోపము ఎంత హాయి!

ఈవలి వైపున జరిగినది చెప్పకున్న ఏకపక్షమగును. డెహరాడూను మొదలైన చోట్ల చదువుకొనుచున్న కాశ్మీరీ విద్యార్థులను బెదరించి గదులు ఖాళీ చేయింపజూచిరి. ఆ సమయమున వారికొరకు సహాయపు టెలిఫోను సంఖ్యను ప్రకటించినది ఎవరనుకొన్నారు? 40 మందిని పోగొట్టుకొన్న ఆ రిజర్వు పోలీసు దళమే. తమవారి చితులు చల్లారకమునుపే, ఏ ప్రాంతమున తమవారు చచ్చిరో ఆ ప్రాంతపు పిల్లలకు, భయము కలిగిన మమ్ము పిలువుడని చెప్పుటకన్న గంభీరమైన ప్రతిస్పందన మాకు కనబడలేదు. ఫిబ్రవరి 22న సర్వోన్నత న్యాయస్థానము కాశ్మీరీయులను కాపాడవలెనని పలు రాష్ట్రముల అధికారులను ఆదేశించెను. అదే దినమున ఇందిరానగరములో గుడ్డ కప్పబడెను.

ఇక ఆవలి దేశమున సింధులో మరియొక హైదరాబాదు కలదని పాఠకులకు తెలియును. ఆ ఊరిలో ఒక ప్రసిద్ధమైన బేకరీ ఉన్నది. 1911లో పహ్లాజ్‌రాయ్ గంగారామ్ థడానీ అను హిందువు స్థాపించినది. దాని పేరు బొంబాయి బేకరీ! విభజన జరిగెను, యుద్ధములు జరిగెను. ఆ పేరు నిలిచియే యున్నది, జనము వరుసలో నిలిచి కేకులు కొనుచునే యున్నారు. కరాచీలో హైదరాబాద్ కాలనీ యను పేట కలదు. మన దక్కను నుండి పోయినవారు కట్టుకొన్నది, ఊరగాయలకు పేరుపడినది. ఊరు పోయినను ఊరగాయ పోలేదు. ఇందువలన అచ్చటివారు మనకన్న ఉదారులని మా యుద్దేశము కాదు. అచ్చటి అల్పసంఖ్యాకుల కష్టములు లోకవిదితములు. పేరు అను వస్తువు యొక్క స్వభావము చూపుటకే ఈ ముచ్చట.

2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గరి బైసరన్ పచ్చికబయలులో 26 మందిని కాల్చి చంపిరి. మతము అడిగి మరీ చంపిరని ప్రాణములతో బయటపడినవారు చెప్పిరి. హతులలో కావలికి చెంది బెంగళూరులో స్థిరపడిన తెలుగువాడొకడు, విశాఖపట్టణపు గృహస్థొకడు ఉండిరి. సందర్శకులకు గుర్రము నడుపు స్థానిక ముసల్మానును ఉండెను. బెంగళూరు తెలుగు కుటుంబములకు ఇది దూరపు వార్త కాదు. మరునాడు కాశ్మీరు లోయలో అంగళ్లన్నియు మూసి హత్యలను నిరసించిరి. సరిహద్దున కావల మాత్రము, ఇది భారతదేశము తానే ఆడించిన నాటకమను మాట పెద్ద గొంతులతోనే వినబడెను. ఇట్టి పలుకు మా దృష్టిలో అన్నిటికన్న నికృష్టమైన రచన. చంపినవాడు ప్రాణము మాత్రమే తీసికొనును. ఈ మాట చచ్చినవాని చావును గూడ తీసికొనును.

ఆ హతులలో ఒక యువ నావికాధికారి కలడు. పెండ్లియై వారము తిరుగకమునుపే భర్తను పోగొట్టుకొన్న అతని భార్య, ముస్లిములపైనను కాశ్మీరీయులపైనను ద్వేషము వలదనియు, శాంతి కావలెననియు, తప్పు చేసినవారికి శిక్ష మాత్రము పడవలెననియు పలికెను. ఆమె కన్నీటి చిత్రమును చూచి ఉడికిపోయిన జనులలోనే కొందరు ఆమెను దుర్భాషలాడిరి. జాతీయ మహిళా సంఘము కలుగజేసికొని, ఇది తగదని చెప్పవలసి వచ్చెను. ఆమె చిత్రము వారికి కావలెను, ఆమె మాట అక్కరలేదు.

మే నెలలో రెండు దేశముల నడుమ కాల్పులు సాగి, పదవ తేదీన ఆగెను. ఆ దినముననే శంషాబాదులోని కరాచీ బేకరీ శాఖపై గుంపు పడి ఫలకమును కొట్టెను. విశాఖపట్టణములోని శాఖ ముందును నిరసనలు జరిగెను. ఈసారి మన తెలుగునాటనే, మన బిస్కత్తుల అంగడియే! అంగడివారు జాతీయ పతాకములు కట్టి, మేము భారతీయులమే మహాప్రభో యని విన్నవించుకొనిరి. విభజనలో సర్వము కోల్పోయి వచ్చినవాని మనుమలు ఈ ఋజువు చూపవలసి వచ్చినది.

దుఃఖమున హాస్యమును లేకపోలేదు. అదే నెలలో జయపురములో ఒక మిఠాయి వర్తకుడు 'పాక్' అను మాటను సహింపజాలక మైసూరు పాకును మైసూరు శ్రీగా మార్చెను. పాకమనగా చక్కెర పాకమని కన్నడసీమలోని మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇదే న్యాయమున ఇక మన అలంకారికుల ద్రాక్షాపాకము ద్రాక్షాశ్రీ కావలెను, నారికేళపాకము నారికేళశ్రీ కావలెను. నలమహారాజు వంట ఏమగునో ఊహించుటకు భయము!

రక్తము చిందినపుడు మాటలను తూచుచు కూర్చుందురా యని మమ్ము ఆక్షేపించు మిత్రులు కలరు. తండ్రిని తన కన్నుల ముందు పోగొట్టుకొన్న పిల్లవానికి మేము ఏ పాఠమును చెప్పజాలము. అతడు ఏమి పలికినను అతనికి చెల్లును. కాని ఇందిరానగరములో చేరినవారు, శంషాబాదులో చేరినవారు, ఆ పిల్లవాని తరపున వచ్చితిమని చెప్పుకొన్నారే కాని, వారు పోయిన చోటు హంతకుని ఇల్లు కాదు. సులభముగ చేరదగిన ఇల్లు. పేరు పలకపై వ్రాసియున్నందున చిరునామా వెదకనక్కరయును లేకపోయెను.

ఇట్టి సంచికల చివరి పుటలలో మనవారి ప్రకటనలు అచ్చగుచుండుట వాడుక. భోజనశాలలు, బట్టల దుకాణములు, ఆవకాయ అంగళ్లు. కొన్నిటి పేరులో నెల్లూరు, కొన్నిటి పేరులో గుంటూరు, పెక్కింటి పేరులో ఆంధ్ర అను మాట. ఏ పక్షమునకు జైకొట్టుటకును ఎవరును ఆ పేర్లు పెట్టలేదు. ఆ పుటలు సాధారణముగ ఎవరును చదువరు. ఈసారి ఒకసారి తిరుగవేసి చూడుడు.