బ్రూటస్ ప్రశ్న, మాడిసన్ జవాబు

ఫిలడెల్ఫియాలో తయారైన కొత్త రాజ్యాంగంపై 1787 చివర్లో న్యూయార్క్ పత్రికల్లో పెద్ద వాదమే నడిచింది. ఆ రాజ్యాంగం వద్దంటూ 'బ్రూటస్' అనే మారుపేరుతో రాసిన వ్యాసాల్లో మొదటిది అక్టోబరు 18న వచ్చింది. కావాలంటూ 'పబ్లియస్' పేరుతో జేమ్స్ మాడిసన్ నవంబరు 22న ఫెడరలిస్ట్ వ్యాసమాలలో పదో వ్యాసం రాశాడు. అమెరికా రాజ్యాంగం ఏ ఆలోచనల్లోంచి పుట్టిందో తెలియాలంటే ఇద్దరినీ కలిపి చదవాలి.

ఇంత విశాల దేశంలో గణతంత్రం నిలుస్తుందా? నిలవదంటాడు బ్రూటస్. గణతంత్రం చిన్న రాజ్యంలోనే నిలుస్తుందన్న ఫ్రెంచ్ తత్వవేత్త మాంటెస్క్యూ 1748 నాటి గ్రంథం అతనికి ప్రమాణం. రాజ్యం విస్తరించేకొద్దీ నిరంకుశత్వంలో పడ్డ గ్రీసు, రోములు సాక్ష్యం. మాడిసన్ ఈ సూత్రాన్నే తలకిందులు చేశాడు. ముఠాతత్వం మనిషి స్వభావంలోనే ఉంది, ఆస్తుల హెచ్చుతగ్గులు దాన్ని పెంచుతాయి. చిన్న రాజ్యంలో ఒక ముఠా సులువుగా మెజారిటీ అవుతుంది, పెద్ద దేశంలో పలు ప్రయోజనాలు ఒకదాన్నొకటి నిలువరిస్తాయి అంటాడు. పెద్ద గణతంత్రం సాధ్యమేనని స్కాటిష్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1752లోనే వాదించాడు. దానికి మనస్తత్వ పునాది వేసి, ఒక దేశానికి అన్వయించిన ఘనత మాడిసన్‌ది.

ప్రాతినిధ్యం దగ్గర మాత్రం బ్రూటస్‌దే పైచేయి. మాడిసన్‌కు ప్రతినిధి జల్లెడ: ప్రజల ఆవేశాన్ని వడగట్టాలి. బ్రూటస్‌కు అద్దం: రైతూ చేతివృత్తులవాడూ అందులో కనబడాలి. సుమారు 30 లక్షల జనానికి 65 మంది సభ్యుల సభ అద్దం ఎలా అవుతుందన్న అతని ప్రశ్నకు పదో వ్యాసంలో సరైన జవాబు లేదు.

అంతకంటే పెద్ద లోటు మరొకటుంది. అప్పిచ్చినవారు, అప్పుపడ్డవారు, భూస్వాములు, వర్తకులు అంటూ ప్రయోజనాలను లెక్కపెట్టిన మాడిసన్, బానిసకూ యజమానికీ మధ్య ఉన్న వైరం ఊసే ఎత్తలేదు. అతను స్వయంగా బానిసల యజమాని. పాలనలో పాలే లేని బానిసలను సభలో సీట్ల పంపకం కోసం ఎందుకు లెక్కిస్తున్నారని బ్రూటస్ తన మూడో వ్యాసంలో నిలదీశాడు.

1788 జులై 26న న్యూయార్క్ 30-27 ఓట్లతో రాజ్యాంగాన్ని ఆమోదించింది. మాడిసన్ గెలిచాడు. అయితే హక్కుల ప్రకటన కావాలన్న బ్రూటస్ పక్షం పట్టు ఊరికే పోలేదు. 1789లో ఆ హక్కులను రాజ్యాంగ సవరణలుగా కాంగ్రెస్ ముందు పెట్టింది మాడిసనే. వాటిలో పది 1791 డిసెంబరు 15న అమల్లోకి వచ్చాయి. ఆ రాజ్యాంగానికి చట్రం మాడిసన్ పక్షం ఇచ్చింది. పౌరుడికి అందులో రక్షణ ఓడినవారి పట్టుదల వల్ల దక్కింది.