రౌటరు తాళం ఎవరి చేతిలో?

కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే పులికాట్ ఒడ్డున కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం మామూలే. అటు శ్రీహరికోట దీవి, ఇటు సూళ్లూరుపేట, దక్షిణాన తడ. ముసురు తెరిపిచ్చిన మర్నాడు ఈ ఊళ్లలో నెట్‌వర్కు పని తెలిసినవాళ్లకు ఫోన్లు మొదలవుతాయి. ‘అన్నా, అంగట్లో కెమెరా కనపడలా.’ ‘సార్, ప్రింటరు ఆఫ్‌లైన్ అంటా ఉంది.’ తీరా పోయి చూస్తే కెమెరా బాగానే ఉంటుంది. ప్రింటరూ బాగానే ఉంటుంది. వైరు తెగలేదు, నెట్టూ వస్తోంది. మారిందల్లా ఒక అంకె. నిన్నటిదాకా 192.168.1.5గా ఉన్న కెమెరా ఇవాళ 192.168.1.8 అయింది. మిగతా యంత్రాలు దాన్ని ఇంకా పాత చోటే వెతుకుతున్నాయి.

రౌటరులో డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు ఉంటుంది. ఇంట్లో వైఫై అందుకున్న ప్రతి ఫోనుకూ టీవీకీ అది ఒక ఐపీ అంకెను కొంత గడువు పెట్టి ఇస్తుంది. చవక రౌటర్లు చాలావరకు, కరెంటు పోతే, ఎవరికేమిచ్చాయో మరిచిపోతాయి. తిరిగి వెలిగాక ఏది ముందు లేస్తే దానికి ముందు అంకె. ఫోన్లకు దీంతో ఇబ్బంది లేదు, వాటిని వెతుక్కుంటూ ఏ యంత్రమూ రాదు. కెమెరా రికార్డరు, ప్రింటరు, బిల్లింగ్ కంప్యూటరు అలా కాదు. వాటి దగ్గరికి మిగతావి రావాలి. అందుకే వాటి అంకె కదలకూడదు. అదే స్టాటిక్ ఐపీ.

ఈ పని నాకు చాలా ఇష్టం. పావుగంట శ్రద్ధ పెడితే ఏళ్లకు ఏళ్లు నిలుస్తుంది. అయితే ఆ పావుగంటలో మొదటి అయిదు నిమిషాలు కంప్యూటరు ముట్టుకోకూడదు. ఒక కాగితం తీసుకుని ఇంట్లో, అంగట్లో కదలని యంత్రాలు ఏవేవో రాయాలి. పక్కన ఒక్కోదానికి ఒక అంకె వేయాలి. ఆ తర్వాతే బ్రౌజరులో 192.168.1.1 కొట్టి రౌటరు లోపలికి పోవాలి. కొన్ని రౌటర్లలో అది 192.168.0.1.

లోపల మొదట చూడాల్సింది డీహెచ్‌సీపీ పంచే అంకెల హద్దు. నేనైతే ఐపీ చివరి భాగంలో 100 నుంచి 200 వరకు దానికి వదిలేసి, 100కు లోపలివి మన చేతిలో ఉంచుకుంటాను. రికార్డరుకు 10, ప్రింటరుకు 20, బిల్లింగ్ కంప్యూటరుకు 30. ఈ హద్దు గీయకుండా కెమెరాకు 105 ఇచ్చి పోయేవాళ్లున్నారు. ఏదో ఒకనాడు చుట్టపుచూపుగా వచ్చినవాళ్ల ఫోనుకు రౌటరు అదే 105 ఇస్తుంది. అప్పుడు కెమెరా కాసేపు కనిపిస్తుంది, కాసేపు మాయమవుతుంది. ఈ జబ్బు పట్టుకోవడం చాలా కష్టం.

అంకె ఇవ్వడానికి దారులు రెండు. యంత్రంలోనే ఐపీ, 255.255.255.0 అనే సబ్‌నెట్ మాస్కు, గేట్‌వే (అంటే రౌటరు అంకె), పేర్లకు అంకెలు చెప్పే డీఎన్ఎస్ సర్వరు అంకె రాయొచ్చు. లేదా, ప్రతి యంత్రానికీ తయారీలోనే పడే మ్యాక్ గుర్తింపును రౌటరుకు చెప్పి, ‘ఇది ఎప్పుడొచ్చినా 10 ఇవ్వు’ అని కట్టిపెట్టొచ్చు. నా ఓటు రెండోదానికే. లెక్కంతా ఒకే చోట ఉంటుంది. ల్యాప్‌టాప్ ఇంకో ఊరు తీసుకెళ్లినా అక్కడి నెట్‌వర్కుతో పేచీ రాదు. యంత్రంలోనే రాయాల్సి వస్తే గేట్‌వే సరిచూసుకోవాలి. అది తప్పితే ప్రింటరు పనిచేస్తుంది, ఇంట్లో అన్నీ కలుస్తాయి, బయటి ప్రపంచం మాత్రం తెరుచుకోదు.

ప్రతి ఇంట్లో ఇదే 192.168 ఎందుకుందంటే, 1996 ఫిబ్రవరిలో ఇంటర్నెట్ నిపుణులు రాసుకున్న ఆర్ఎఫ్‌సీ 1918 అనే పత్రం కొన్ని అంకెలను లోపలి వాడకానికి విడిచిపెట్టింది. పాత పద్ధతి ఐపీలు మొత్తం సుమారు 430 కోట్లే. ప్రపంచపు ఉమ్మడి నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో మన ఆసియా–పసిఫిక్ వాటా అడుగంటింది. అందుకే ఇప్పుడు చాలామంది ఆపరేటర్లు ఒక్క బయటి అంకె వెనకాల అనేక ఇళ్లను కూర్చోబెడతారు. మీ రౌటరు స్టేటస్ పేజీలో బయటి ఐపీ 100.64 మొదలు 100.127 లోపల ఉందంటే మీదీ ఆ పద్ధతే. అప్పుడు ఎన్ని పోర్టులు తెరిచినా బయటినుంచి కెమెరా నేరుగా దొరకదు. బయటి స్టాటిక్ ఐపీని ఆపరేటరును విడిగా అడిగి, డబ్బు కట్టి తీసుకోవాలి. తడ దగ్గరి శ్రీసిటీ ఫ్యాక్టరీలకో, నాలుగైదు శాఖలున్న వ్యాపారానికో అది అవసరం కావచ్చు. మామూలు ఇంటికి దండగ. ఫోన్‌లో కెమెరా చూడ్డానికి కెమెరా కంపెనీ యాప్ చాలు.

పైగా తలుపు తెరిస్తే కాపలా ఉండాలి. 2016 అక్టోబరు 21న డైన్ అనే అమెరికా డీఎన్ఎస్ సంస్థ మీద పెద్ద దాడి జరిగింది. ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. దాడి చేసినవి ఇళ్లలో, అంగళ్లలో ఉండే కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డు మార్చకుండా వదిలేసిన వాటిలోకి మిరాయ్ అనే పురుగు చొరబడింది.

ఇక డీఎన్ఎస్. 2021 అక్టోబరు 4 రాత్రి తొమ్మిది దాటాక మన వాట్సాప్ ఆగిపోయింది గుర్తుందా? దాని యజమాని ఫేస్‌బుక్ సంస్థ యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఒక మార్పులో జరిగిన పొరపాటుతో వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లకు దారులు ఇంటర్నెట్ నుంచి తొలగిపోయాయి. పేరు అడిగితే అంకె చెప్పే దిక్కు లేక సుమారు ఆరు గంటలు అంతా నిలిచిపోయింది.

ఈ డీఎన్ఎస్ ఎలా పనిచేస్తుందో మన ఊరి సంగతిలోనే చూడండి. 2019 ఏప్రిల్ 1న పీఎస్ఎల్‌వీ–సీ45 రాకెట్ ప్రయోగంతో శ్రీహరికోటలోని అంతరిక్ష కేంద్రం షార్‌లో సందర్శకుల గ్యాలరీ జనానికి తెరుచుకుంది. అందులో చోటుకు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. షార్ డాట్ గవ్ డాట్ ఇన్ అని మనం కొట్టగానే ఆ పేరు రౌటరులో రాసిన డీఎన్ఎస్ సర్వరుకు పోతుంది. దానికి తెలియకపోతే అది రూట్ సర్వర్లను అడుగుతుంది. వాటి పేర్లు 13, ప్రపంచమంతా పరుచుకున్న యంత్రాలు మాత్రం వెయ్యికి పైనే. అవి ‘డాట్ ఇన్’ చూసేవాళ్ల దగ్గరికి పంపితే, వాళ్లు ‘గవ్ డాట్ ఇన్’ వైపు చూపిస్తే, చివరికి అంకె చేతికొస్తుంది. ఇదంతా రెప్పపాటులో. 1983లో పాల్ మొకపెట్రిస్ ఈ పద్ధతి రూపొందించక ముందు, నెట్‌వర్కులోని కంప్యూటర్ల పేర్లన్నీ కాలిఫోర్నియాలో ఒక సంస్థ దగ్గర ఒకే ఫైలులో ఉండేవి.

రౌటరులో మామూలుగా ఆపరేటరు డీఎన్ఎస్సే ఉంటుంది. అది నత్తనడక నడిస్తే గూగుల్ 2009లో తెచ్చిన 8.8.8.8, లేదా క్వాడ్9 వాళ్ల 9.9.9.9, లేదా క్లౌడ్‌ఫ్లేర్ 2018 ఏప్రిల్ 1న తెచ్చిన 1.1.1.1 రాసుకోవచ్చు. రెండు గడులుంటాయి కాబట్టి రెండు వేరువేరు సంస్థలవి రాయడం మేలు. కానీ ఒక్కమాట. మనం ఏ పేరు అడిగామో ఆ జవాబు చెప్పేవాళ్లకు తెలుస్తుంది. కాబట్టి ఎవరిని అడగాలన్నది ఆలోచించి తేల్చుకోవాల్సిన విషయం.

వేరేవాళ్లు మన రౌటరులో ఆ గడులు మారిస్తే ఏమవుతుందో కూడా లోకం చూసింది. డీఎన్ఎస్ చేంజర్ అనే మాల్‌వేర్ నడిపిన ముఠా అమెరికా ఎఫ్‌బీఐ దర్యాప్తుతో 2011 నవంబరులో పట్టుబడింది. అప్పటికి సుమారు వంద దేశాల్లో 40 లక్షల కంప్యూటర్లు వాళ్లు చెప్పిన అంకెలకే పోతున్నాయి. కొన్నిచోట్ల రౌటర్లలోనే గడులు మార్చేశారు.

నా బాధ ఇక్కడే ఉంది. మన ఇళ్లలో రౌటరు పెట్టడానికి వచ్చినవాళ్లు అడ్మిన్ పాస్‌వర్డు చెప్పకుండా పోతారు, లేదా ‘అడ్మిన్, అడ్మిన్’ అనే పాతదాన్నే వదిలేస్తారు. డబ్బు కట్టింది మనం, తాళం ఎవరిదో. ఉప్పుగాలికి లాన్ పోర్టు పిన్నులకు చిలుం పట్టి, పిడుగుకు అడాప్టరు కాలి ఇక్కడ పెట్టెలు త్వరగా మారుతుంటాయి. కొత్తది వచ్చినప్పుడు పాత అంకెల లెక్క ఎవరికీ తెలియదు. మళ్లీ మొదటికొస్తుంది.

మీ ఆపరేటరు ఎవరైనా సరే, ఈ వారమే అడ్మిన్ పాస్‌వర్డు అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే ఎందుకివ్వరో అడగండి. దాన్ని మార్చి, యంత్రాల అంకెలూ గేట్‌వే, డీఎన్ఎస్ గడులూ ఒక నోటుబుక్కులో రాయండి. ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. రౌటరులో బ్యాకప్ మీట ఉంటే ఆ ఫైలు కూడా దాచుకోండి. వాయుగుండం పట్టేలోపు ఇవన్నీ ఒక సాయంత్రంలో అయిపోయే పనులే.