సి అంటే పది కిలోమీటర్లకు పైన

ఏ జిల్లా పుస్తకం తిరగేసినా చివర్లో ఒక అధ్యాయం ఉంటుంది, "చూడదగిన ప్రదేశాలు" అని. దానికి కాస్త ముందు ఇంకో అధ్యాయం ఉంటుంది, ఎవరూ చదవనిది. బడులెన్ని, ఆసుపత్రి ఎక్కడ, బస్సు వస్తుందా, తాగే నీళ్లకి ఏం చేస్తారు. మొదటిది బయటినుంచి వచ్చేవాళ్ల కోసం రాసింది. రెండోది అక్కడ బతికేవాళ్ల గురించి రాసింది, అయితే వాళ్ల కోసం రాసింది కాదు. ఈ రెంటినీ వచనంగా, ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట నిలబడి చెప్పిన కథనంగా చదవడం నాకు అలవాటైపోయింది. ఈ మధ్య ఆ పని ఒకే ఒక్క మండలం గురించి చేశాను. అనకాపల్లి జిల్లా, రోలుగుంట.

ఎందుకు రోలుగుంట అంటే, "చూడదగిన" జాబితాల్లో ఆ పేరు దాదాపు కనిపించదు కాబట్టి. అనకాపల్లి జిల్లా అనగానే శంకరం దగ్గర బొజ్జన్నకొండ బౌద్ధ గుహలు వస్తాయి, కొండకర్ల ఆవలో పక్షులొస్తాయి, ఏటికొప్పాక లక్కబొమ్మలొస్తాయి, మాడుగుల హల్వా తప్పకుండా వస్తుంది. చోడవరం వైపునుంచి నర్సీపట్నం పోయే దారిలో ఉన్న రోలుగుంట మాత్రం రాదు. అటువైపు వాళ్లైన మా పిన్నిని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేసింది: "రోలుగుంటలో సూడ్డానికేటుందమ్మా, బస్సాగుతాది, మనుషులు దిగుతారు, అంతే." ఆ వాక్యంలో టూరిజం బ్రోషర్లలో లేనిదొకటి ఉంది. మనుషులు దిగుతారట. దిగి ఎటు పోతారన్నదే అసలు ప్రశ్న.

శీతాకాలం శనివారం రాత్రుళ్లు వైజాగ్ నుంచి బయల్దేరిన కార్లు, బైకులు నర్సీపట్నం దాటి లంబసింగి ఎక్కుతాయి. తెల్లారేసరికి మంచు, పొగలు కక్కే టీ, ఫోన్లలో ఫొటోలు. లంబసింగికి మనం పెట్టుకున్న పేరు "ఆంధ్రా కశ్మీర్". ఒక ఊరిని మరో ఊరి పేరుతో పిలిచామంటే, అక్కడ ఏముందో చూడటానికి ముందే చూసేశామన్నమాట. సరే, ఆ రోడ్డు సంగతి చూద్దాం. నర్సీపట్నం నుంచి లంబసింగికి పోయే రోడ్డు పనిలో కొండ జనాన్ని చాలీచాలని కూలికి, వెట్టికి వాడుకోవడం 1922 నాటి తిరుగుబాటుకి దారితీసిన కారణాల్లో ఒకటి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు ఆ చరిత్ర చదివిన ప్రతివాళ్లకీ తెలుసు. ఆ ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి స్టేషను మీద పడింది, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మన వీకెండ్ రోడ్డుకి ఇంత కథ ఉంది. ట్రావెల్ రీల్సులో దాని గురించి ఉండేది "రోడ్ కండిషన్: గుడ్" అని మాత్రమే.

అల్లూరి సమాధి కృష్ణదేవిపేటలో ఉంది, గొలుగొండ మండలం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పాడేరు కేంద్రంగా ఏజెన్సీకి అల్లూరి సీతారామరాజు జిల్లా అని పేరు పెట్టారు. సమాధి ఉన్న ఊరు మాత్రం అనకాపల్లి జిల్లాలో మిగిలింది. పేరొక జిల్లాకి, మనిషి ఇంకో జిల్లాకి! దీన్ని తమాషాగా చెప్పుకుని వదిలేయొచ్చు. కానీ అదే గీతకి ఇవతల రోలుగుంట కొండ శివార్లూ మిగిలిపోయాయి, అది తమాషా కాదు.

ఆ గీత వయసు చాలా ఎక్కువ. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలని మామూలు కోర్టుల పరిధినుంచి తప్పించి కలెక్టరుని ఏజెంటుగా పెట్టిన చట్టంతో మొదలైంది. "ఏజెన్సీ" అన్న మాట మన నోట్లోకి అక్కణ్ణించే వచ్చింది. 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం, 1950లో షెడ్యూల్డు ప్రాంతాల ఉత్తర్వు. ప్రతిసారీ గీత ఇంచుమించు పాత గీతమీదే పడింది. కొండ మాత్రం గీత దగ్గర ఆగలేదు. దాని తోకలు మైదాన మండలాల్లోకి దిగుతూనే ఉన్నాయి. రోలుగుంట మండలం అర్ల పంచాయతీలో లోసింగి, పెదగరువు లాంటి ఊళ్లు అలాంటి తోకల మీద ఉన్నాయి. అక్కడి మనుషులు ఆదివాసులే, ఊరు మాత్రం షెడ్యూల్డు ప్రాంతం కాదు. కాబట్టి 1970 నాటి భూబదలాయింపు నిబంధన, జనం నోట్లో "వన్ ఆఫ్ సెవెంటీ", వాళ్ల జీడితోటలకి కాపలా కాయదు. మమ్మల్ని ఐదో షెడ్యూల్లో కలపండి అని ఈ ఊళ్లవాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు.

ఇదంతా చెప్పింది చరిత్ర పాఠం కోసం కాదు. ఒక ప్రదేశాన్ని వర్ణించేవాళ్లు ఎక్కడ నిలబడ్డారో చూడ్డానికి. 1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు చూడండి. చివరి భాగంలో తాలూకాల వారీగా ఊళ్ల పట్టిక. వచనం అద్భుతంగా ఉంటుంది, పొడిగా, కొంచెం వ్యంగ్యంగా. గొలుగొండ తాలూకా గురించి చదువుతుంటే మనకి కనబడేవి ప్రధానంగా రెండు: ఫితూరీలు, జ్వరాలు. అంటే సర్కారుని అక్కడ ఇబ్బంది పెట్టిన రెండు విషయాలు. ఫ్రాన్సిస్ గొప్ప పరిశీలకుడే, కానీ చూస్తున్నది కచేరీ వరండాలోంచి. మన ఇప్పటి "చూడదగిన ప్రదేశాలు" అదే వరండా మీద కుర్చీ మార్చుకుని కూర్చున్నాయి. జ్వరం బదులు జలపాతం.

దీనికి భిన్నమైన పుస్తకం తెలుగులో ఫ్రాన్సిస్ కంటే డెబ్బై ఏళ్ల ముందే ఉంది. ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర. 1830 మేలో మద్రాసులో బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు దారి మన ఉత్తరాంధ్ర తీరం మీదుగానే. ఆ పుస్తకాన్ని తొలి యాత్రాచరిత్రల్లో ఒకటిగా పొగుడుతాం, గుళ్ల గురించి ఏం రాశాడో చెప్పుకుంటాం. నాకు అందులో నచ్చేది వేరే. ప్రతి మజిలీలోనూ ఆయన ఒక లెక్క రాసుకుంటాడు: అంగళ్లున్నాయా, బియ్యం దొరుకుతాయా, నీళ్లు మంచివేనా, దిగడానికి చోటుందా, దారి ఇసుకా రాళ్లా. మొదటిసారి చదివినప్పుడు ఇది విసుగ్గానే ఉంటుంది. తర్వాత అర్థమవుతుంది, ఆయనతో పల్లకీ బోయీలు, పరివారం కాలినడకన వస్తున్నారు. దారి ఇసుకైతే కాలు దిగబడేది బోయీలది. యజమాని రాసిన పుస్తకమే అయినా అందులో కొలత మాత్రం మోసేవాడి పాదాల్లోంచి వచ్చింది. ఊరిలో ఏముందన్నది అక్కడికి నడిచి చేరేవాళ్ల అలసటతో కలిపి చెప్పిన పుస్తకం ఇది. ఆ పద్ధతిని మనం ఎందుకో కొనసాగించలేదు.

కొనసాగించిందల్లా జనగణన జిల్లా హ్యాండ్‌బుక్. 2011 గ్రామ డైరెక్టరీలో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక వరస. ప్రాథమిక పాఠశాల, ఆరోగ్య ఉపకేంద్రం, తపాలా, బస్సు, బ్యాంకు. సదుపాయం ఊళ్లో లేకపోతే ఒక అక్షరం వేస్తారు: ఐదు కిలోమీటర్ల లోపయితే ఎ, ఐదు నుంచి పది అయితే బి, పదికి పైన అయితే సి. అంతే. తెలుగు వికీపీడియాలో మన గ్రామాల పేజీలు చాలావరకూ ఈ అక్షరాల్ని వాక్యాలుగా విప్పి రాసినవే. ఏ పేజీ చూసినా అవే వాక్యాలు, ఊరి పేరు మారుతుంది. సమీప ఇంజనీరింగు కళాశాల ఫలానా చోట, సమీప దివ్యాంగుల పాఠశాల ఫలానా చోట. చాలామంది దీన్ని యాంత్రికం అని ఎగతాళి చేస్తారు. నేను చెయ్యను. వేల ఊళ్లకి తెలుగులో ఒక్క పేజీ అయినా ఉండటం మామూలు విషయం కాదు. అదీగాక, మన ఊళ్లో లేనివాటి జాబితాని ఇంత ఓపిగ్గా చెప్పే వచనం తెలుగులో ఇంకెక్కడుంది?

నా పేచీ ఆ "సి" అక్షరంతో. దూరం ఎక్కణ్ణించి? రెవెన్యూ గ్రామంనుంచి. శివారుకి సొంత వరస ఉండదు, అది తల్లి గ్రామం వరసలో కరిగిపోతుంది. కింద ఊళ్లో బడి ఉంటే కొండమీది శివార్లో కూడా ఉన్నట్టే. పైగా కిలోమీటరు అనేది చదునైన మాట. లోసింగి నుంచి దిగేవాళ్లకి ఐదు కిలోమీటర్లు అంటే రాళ్లు, వాగు, వానొస్తే జారుడు. పైన గుర్రాలున్నాయి. సంతకి దిగే సరుకైనా, పైకెక్కే రేషను బియ్యమైనా గుర్రం వీపు మీదే. మనిషికి జబ్బు చేస్తే డోలీ. ఒక కర్ర, దానికి వేలాడేసిన దుప్పటి, ముందొకరు వెనకొకరు, మార్చుకోవడానికి ఇంకో ఇద్దరు. నిండు గర్భిణుల్ని అలా మోసుకొచ్చిన వార్తలు ఈ పంచాయతీనుంచి జిల్లా ఎడిషన్లలో పదేపదే వచ్చాయి. ప్రతి వార్తకీ దాదాపు అదే ఫొటో, దాదాపు అదే శీర్షిక, "తప్పని డోలీ మోత". ఇదీ ఒక మూసే. వీరాస్వామి బోయీలు మళ్లీ కనబడ్డారు, ఈసారి మోసేవాడూ మోయబడేవాడూ ఒకే ఇంటివాళ్లు. అయినా డైరెక్టరీలో ఆ ఊరి ఆరోగ్య కేంద్రం కింద ఉండేది ఒక్క అక్షరం.

మన కథల్లో దీన్ని పట్టుకున్నది కాళీపట్నం రామారావు అని నాకనిపిస్తుంది. "యజ్ఞం"లో సుందరపాలెం వెనకబడ్డ ఊరు కాదు. బాగుపడ్డ ఊరు. బడి, రోడ్డు లాంటివన్నీ వచ్చాయి, చెప్పుకోదగ్గ ప్రెసిడెంటున్నాడు. జనగణన వరసలో పెడితే అన్ని గళ్లూ నిండే ఊరది. ఆ నిండిన గళ్ల మధ్య అప్పల్రాముడి అప్పు సంగతి తేలుతుంది, చివరికి సీతారాముడి చేతుల్లో అతని బిడ్డ. సదుపాయాల పట్టిక ఎంత నిజమో అంత అబద్ధం కూడా కాగలదని చూపించడానికి కారా మాస్టారు పట్టికని కొట్టేయలేదు, పూర్తిగా నింపి చూపించారు. ఆ కథని అప్పు కథగా, కులం కథగా చదివాం, సబబే. ఊరి వర్ణన ఎలా రాయాలి అన్న పాఠంగా కూడా చదవొచ్చు.

బయటి ఉదాహరణ ఒకటి. అమెరికాలో అపలాచియా కొండలది ఇంచుమించు ఇదే కథ. 1939లో ప్రభుత్వం రాయించిన కెంటకీ గైడు పుస్తకం యాత్రికులకి దారులు చూపించింది. 1963లో అదే కెంటకీ కొండ ఊరి లాయరు హ్యారీ కాడిల్, బొగ్గు కంపెనీలు ఆ కొండల్ని ఏం చేశాయో పుస్తకం రాశాడు. గైడు రోడ్డుమీదనుంచి చూసింది, కాడిల్ ఇంటి గుమ్మంలోంచి. ఆ కెంటకీలోనే 1935 నుంచి 1943 దాకా ఆడవాళ్లు గుర్రాల మీద కొండ ఇళ్లకి పుస్తకాలు మోసిన గ్రంథాలయ పథకం నడిచింది. అర్ల కొండల గుర్రాల గురించి చదివినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. పోలిక అక్కడితో ఆపేయాలి. వాళ్ల గుర్రాలు పైకి పుస్తకాలు మోశాయి, మనవి బియ్యం మోస్తున్నాయి.

నన్నడిగితే ఈ మండలం గురించి ఇప్పటిదాకా వచ్చిన వర్ణనల్లో నిజాయితీ గలవి ఊళ్ల పేర్లే. పెదగరువు అన్నవాళ్లు మెరక నేల సంగతి చెప్పారు. బంద అని ముగిసే పేర్లు పెట్టినవాళ్లు పరుపు రాయి సంగతి చెప్పారు. రోలుగుంట పేర్లో రోలూ ఉంది, నీటి గుంటా ఉంది. దంచుకునేది, తాగేది. ఏ గెజిటీరు కన్నా ముందు ఎవరో ఉన్నది చూసి రాసుకున్న జాబితా అది.

తర్వాతి జనగణనకి లెక్క తేదీ 2027 మార్చి 1. ఆ హ్యాండ్‌బుక్ వచ్చాక నేను ముందు తెరిచేది అర్ల వరస. ఆరోగ్య కేంద్రం గడిలో ఏ అక్షరం వేశారో, ఆ కొలత మొదలైంది పంచాయతీ ఆఫీసు దగ్గరో, లోసింగిలో చివరి ఇంటి దగ్గరో చూస్తాను.