పిచ్చుకగూళ్లలో ఆస్తిహక్కు

ఆటలకు రాజకీయాలు అంటగట్టడం చాదస్తమని మన మిత్రులే కొందరు అంటున్నారు. నవలలో, నాటకంలో వర్గదృక్పథం వుంటుందని ఒప్పుకునేవాళ్లు కూడా, కుర్రవాళ్లు సెల్‌ఫోనులో ఆడే ఆట దగ్గరికి వచ్చేసరికి "కాలక్షేపం" అనే మాటతో సరిపెట్టుకుంటారు. మరికొందరు మత్తుమందని తిట్టి వూరుకుంటారు. ఈ రెండు అభిప్రాయాలూ పైకి విరుద్ధంగా కనిపించినా ఫలితం ఒకటే. ఆటను పరిశీలించి చూసేవారు ఎవరూ వుండరు.

నిజానికి మనం పరిశీలించదగిన ఆటలు మన అరుగుల మీదే వున్నాయి. వైకుంఠపాళిలో నిచ్చెనలు పుణ్యాలు, పాములు పాపాలు. కాని పుణ్యం చేయడం ఆటగాడి వశంలో లేదు; పందెం ఎలా పడితే అలా నడవవలసిందే. ఆ ఆటలోని కర్మసిద్ధాంతం గళ్లలో రాసిన పేర్లలో కంటె ఈ నిబంధనలో ఎక్కువగా వుంది. పులిజూదం చూడండి. 3 పులులు, 15 మేకలు. మేక పులిని చంపలేదు. ఒంటరిగా దొరికిన మేక మీదుగా పులి దూకి తినేస్తుంది. మేకలు గెలవాలంటే ఒకదాని వెనుక ఒకటి నిలబడి పులికి కదిలే చోటు లేకుండా చేయాలి. ఈ ఆటను కల్పించినవాళ్లు మార్క్సును చదివి వుండరు. అయినా బొగ్గుముక్కతో గీసిన ఆ గీతలలో, మన వ్యాసాలు కొన్నింటిలో కంటె స్పష్టమైన రాజకీయం వుంది.

నిబంధన మారితే సిద్ధాంతమే మారిపోతుందనడానికి అమెరికా నిదర్శనం ఒకటి చాలు. హెన్రీ జార్జి అనుయాయి అయిన ఎలిజబెత్ మేగీ 1904లో "భూస్వామి ఆట"కు పేటెంటు పొందింది. భూమి మీద అద్దె గుంజేవాడు తక్కినవాళ్లను ఎలా బికారులను చేస్తాడో చూపడం ఆమె వుద్దేశం. సంపద అందరికీ చెందేలా మరో రకం నిబంధనలు కూడా ఆమె రాసింది. ఆ ఆట చేతులు మారి 1935లో మోనోపలీగా బజారుకు వచ్చేసరికి ఆ రెండో నిబంధనలు మాయమైనాయి. ఎదుటివాడిని దివాలా తీయించడం ఒక్కటే మిగిలింది.

ఇప్పుడు శాండ్‌బాక్స్ ఆటల సంగతి. ఆ పేరుకు అర్థం మన పిచ్చుకగూళ్లే. పాదం మీద తడి యిసుక పోసి గూడు కట్టే పిల్లకు ఏం కట్టాలో ఎవరూ చెప్పరు. ఈ ఆటలూ అంతేనట: ఇష్టమైనది కట్టుకో, ఇష్టం లేనిది కూలగొట్టు. వీటిలో ప్రసిద్ధమైనది మైన్‌క్రాఫ్ట్. స్వీడన్‌లో మార్కస్ పెర్సన్ మొదలుపెట్టగా 2011లో పూర్తిరూపంలో వచ్చింది. 2014లో మైక్రోసాఫ్ట్ దాన్ని తయారుచేసే కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొన్నది. "ఇందులో సిద్ధాంతం ఏముందండి, మట్టి తవ్వుకోవడమే కదా" అని మా విద్యార్థులు అంటారు.

సిద్ధాంతం ఆ మట్టిలోనే వుంది. మైన్‌క్రాఫ్ట్ ప్రపంచం ఒక అంచు నుంచి మరో అంచుకు సుమారు 60,000 కిలోమీటర్లు. మన భూమి చుట్టుకొలతకు అది ఒకటిన్నర రెట్లు. అందులో ఆటగాడు అడుగుపెట్టేసరికి భూమి ఎవరిదీ కాదు. తవ్వినవాడిదే బొగ్గు, నరికినవాడిదే చెట్టు. మనుషులు లేరా అంటే వున్నారు. గ్రామాలున్నాయి, వాటిలో పల్లెవాసులున్నారు. వాళ్లు పండించిన గోధుమలు ఆటగాడు కోసుకుపోతే ఇదేమిటని అడగరు. నైపుణ్యం కల ఆటగాళ్లు ఏం చేస్తారంటే, ఈ పల్లెవాసులను మనిషి మాత్రమే పట్టే అరలలో వరసగా బంధించి బేరాలు సాగిస్తారు. 2019 నుంచి మరో సౌకర్యం కలిగింది. పల్లెవాసికి జాంబీ చేత రోగం అంటించి, తరవాత తానే మందిచ్చి నయం చేస్తే, వాడు కృతజ్ఞతతో ధర తగ్గిస్తాడు! ఈ పని చేయమని ఆట ఎవరినీ ఆజ్ఞాపించదు. చేసినవాడికి లాభం చూపుతుంది, అంతే. మా హాస్టలు కుర్రవాడిని, వాళ్లను వదిలేయరాదా అని అడిగాను. "వదిలేస్తే రాత్రికి జాంబీలు చంపేస్తాయండి, లోపలుంటేనే క్షేమం" అన్నాడు. అబద్ధం కాదు. వలసపాలకులందరూ చెప్పుకున్న సమర్థన ఇదేనని ఆ పిల్లవాడికి తెలియదు.

పదిమంది కలిసి ఆడే సర్వర్లలో వ్యవహారం మరింత ముదురుతుంది. ఒకడు కట్టినది మరొకడు కూల్చకుండా రక్షణ కావాలి. అందుకోసం ప్రచారంలో వున్న వొక ప్రోగ్రాము ప్రకారం, కొత్త ఆటగాడు మొదటి పెట్టె ఎక్కడ పెడితే దాని చుట్టూ వున్న నేల అతనిదౌతుంది. ఇంకా కావాలంటే బంగారు పార పట్టుకుని హద్దులు చూపాలి. ఎంత నేల చూపవచ్చుననేది ఎన్ని గంటలు ఆడాడన్నదాన్ని బట్టి పెరుగుతుంది. శ్రమ కలిపినవాడిదే భూమి అని 17వ శతాబ్దంలో లాక్ చెప్పిన మాటకు ఇంత సూటి వ్యాఖ్య మరెక్కడా కనిపించదు. కాలేజీ వదలగానే చేలోకో, కొట్లోకో పనికి పోయే కుర్రవాడికి గంటలు తక్కువ, కనుక నేలా తక్కువ.

మా జంగారెడ్డిగూడెం దాటి బుట్టాయగూడెం వైపు పోతే ఏజెన్సీ మొదలౌతుంది. అక్కడ 1/70 చట్టం అమలులో వుంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి చేసినది అది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో వున్న భూమి, అతడు వేరే విధంగా రుజువు చేసేవరకు, గిరిజనుడి నుంచి వచ్చినదిగానే భావించాలని అందులో వుంది. 1988లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అమలు ఎలా వున్నదో కోయలను, కొండరెడ్లను అడిగితే చెబుతారు. కాని ఆ వాక్యం వెనుక వున్న దృష్టి చూడండి. నీకంటె ముందు ఇక్కడ ఒకడున్నాడు అనే దగ్గర చట్టం మొదలౌతుంది. నీకంటె ముందు ఎవడూ లేడు అనే దగ్గర బంగారు పార మొదలౌతుంది.

నియమాలే లేని సర్వర్లు కూడా వున్నాయి. 2010 నుంచి నడుస్తున్న "టూ బీ టూ టీ"ని అరాచకవాదానికి ఆదర్శంగా చెబుతారు. లోపల ఎవడినైనా దోచుకోవచ్చు. కాని గుమ్మం దగ్గర పెద్ద వరస, డబ్బు చెల్లించినవాడికి వరసలో ముందు చోటు. దీన్ని గురించి ఇంతకంటె రాయనక్కరలేదు.

మనవాళ్లు మెచ్చుకునే అవకాశమున్న ఆట "ఈకో". తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతున్న మా పాత విద్యార్థి ఒకడు తన కంప్యూటరులో చూపించాడు. 2018లో అమ్మకానికి వచ్చింది. ఆటగాళ్లందరిదీ ఒకే ప్రపంచం. సుమారు 30 రోజులలో ఉల్క వచ్చి పడుతుంది. దాన్ని పేల్చాలంటే పరిశ్రమలు కావాలి. పరిశ్రమలు పెరిగితే నీరు, నేల చెడతాయి, జంతువులు నశిస్తాయి. కనుక ఆటగాళ్లే ఓట్లు వేసి చట్టాలు చేసుకోవాలి. ఒక్కసారి చట్టమయిందంటే ప్రోగ్రామే అమలు చేస్తుంది. నిషేధించిన చెట్టు మీద గొడ్డలి పడదు.

ఎంత అందమైన కల! ప్రకృతి తరగనిది కాదని ఈ ఆట ఒప్పుకుంది. అందుకు మెచ్చుకోవాలి. కాని ఆటగాళ్లందరూ ఒకే విధంగా, వట్టి చేతులతో మొదలుపెడతారు. తండ్రుల ఆస్తి లేదు, తాతల అప్పు లేదు. ప్రమాదం ఆకాశం నుంచి అందరి మీదా సమానంగా పడుతుంది. వర్గాలు లేనిచోట మంచి చట్టం చాలు.

కొల్లేరులో చట్టానికేం లోటు? 1999లో 120వ నంబరు జీవోతో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమయింది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అంతకు ముందే, మత్స్యకార సంఘాల పేర ఇచ్చిన సరస్సు నేలలో చాలా భాగం లీజుల మీద పెట్టుబడి గలవాళ్ల చేతికి పోయి చేపల చెరువులయింది. 2006లో సుప్రీంకోర్టు కమిటీ ఆదేశాల మీద గట్లు తెగగొట్టారు. పెట్టుబడి పెట్టినవాడికి మరోచోట చెరువు తవ్వుకునే స్తోమత వుంది. సంఘంలో సభ్యుడైన వలవాడికి మిగిలింది సరస్సు ఒక్కటే. ఆ తరవాత గట్లు మళ్లీ లేచాయి. ఇక్కడ గొడ్డలి దానంతట అది ఆగదు. ఎవరి గొడ్డలి ఆగాలో, ఎవరిది ఆగనక్కరలేదో నిర్ణయించే బలాలున్నాయి. ఆ బలాలను "ఈకో" తన ప్రపంచంలోకి రానివ్వలేదు.

ఈ మాటే ఆ కుర్రవాడితో అన్నాను. వాడిది కొల్లేటి లంక గ్రామం. కాసేపు ఆలోచించి, తెర మీద ఒక గట్టు చూపించాడు. "దీన్నెవరు కట్టారో, ఈ నేల ఎవరిదో నొక్కితే పేరు పడుతుందండి. మా వూళ్లో అయితే కాగితం మా నాన్న పేర వుంటుంది, చెరువు మాత్రం ఏలూరులో వుండే ఆయనది."