పన్నెండు మీద పదమూడు

ఏమి అల్లిక! పడుగు లేదు, పేక లేదు, నాడె లేదు, నేసిన చెయ్యి అసలే లేదు. నున్నని రోడియం లోహాన్ని శూన్యంలో దాదాపు 800 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి, దాని మీదికి బోరాన్, నత్రజని, హైడ్రోజన్ కలిసిన బొరాజిన్ ఆవిరి వదిలారు, అంతే. ఆవిరి లోహాన్ని తాకి విరిగింది, హైడ్రోజన్ ఎగిరిపోయింది, బోరానూ నత్రజనీ చేయీ చేయీ పట్టుకుని పరుచుకున్నాయి. మందం ఒక్క పరమాణువు! 2004లో జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో మార్టినా కోర్సో, థామస్ గ్రెబర్ బృందం సూదిమొన మైక్రోస్కోపుతో తడిమి చూస్తే, అక్కడ బల్లపరుపు పొర లేదు. వరుస తప్పని గుంటలు, వాటి చుట్టూ మెత్తని గట్లు, 3.2 నానోమీటర్లకొకసారి మళ్లీ మళ్లీ వచ్చే జాలీ! నానోమెష్ అన్నారు.

ఈ సొగసంతా పొత్తు కుదరకపోవడంలోంచే పుట్టింది. రోడియం పన్నెండు అడుగులు వేసేచోట పై పొర పదమూడు వేస్తుంది. నత్రజని సరిగ్గా రోడియం నెత్తిన పడ్డచోట పొర లోహానికి అతుక్కుని దిగుతుంది, తప్పినచోట తేలిపోతుంది.

సోలాపూర్ దాజీ పేట్‌లో టర్కీ టవల్ నేసే సాంచె పక్కన నిలబడ్డవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఆ సాంచెకు బీములు రెండు. ఒకదాని పోగులు బిగుతు, ఇంకొకదానివి వదులు. మూడు పేకలు పడి ఫణి గట్టిగా గుద్దగానే, వదులు పోగు దారిలేక ఉంగరం చుట్టుకుని లేచి నిలుస్తుంది. అరచేత్తో నిమిరితే తెలిసే ఆ మెత్తదనమంతా రెండు బీముల తగవే! తరాల కిందట తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ మగ్గం వేసిన పద్మశాలీల పేటలో, ఒద్దిక తప్పడమే అందమయ్యే ఆ కిటుకు రోజూ ఖట్‌ఖట్‌మంటూనే ఉంటుంది.

నన్ను ఇంకా కట్టిపడేసేది రోడియం మీది ఆ పొర నిగ్రహం. ఆవిరిని విరిచేది ఖాళీ లోహం. లోహం కప్పుకుపోయాక విరిచేవారుండరు, పెరుగుదల తనంతట ఆగిపోతుంది. ఎక్కడ చాలించాలో తెలిసిన పని! మొదట్లో దాన్ని రెండు పొరలనుకున్నారు, 2007 నాటికి ఒంటిపొరేనని తేలింది. ఆ ఏడే నాఫ్తలోసయనిన్ అనే కర్బన అణువుల్ని చల్లితే ఒక్కో గుంటలో ఒక్కొక్కటి ఒదిగి కూర్చుంది. కింద లోహం, నడుమ జాలీ, పైన కర్బన అణువులు, మూడు జాతులు ఒకే వస్త్రమై! నీళ్లలో ముంచినా జాలీ చెదరలేదు.

కర్బనపు ఒంటిపొర గ్రాఫీన్‌కు అందరూ హారతులు పడతారు, పట్టనివ్వండి. నా మొగ్గు దీనివైపే. ఆ 2004 నాటి బొమ్మ దొరికితే పెద్దది చేసి చూడండి. నేతపని తెలిసినవాళ్లు పక్కనుంటే వాళ్లకే ముందు చూపించండి.