ప్లూటో - యముడు: ఒక నామానువాద విమర్శ

1930వ సంవత్సరమున అమెరికాలోని లోవెల్ వేధశాలయందు క్లైడ్ టాంబో కనుగొనిన గోళమునకు గ్రీకుల పాతాళాధిపతియగు ప్లూటో పేరు పెట్టబడినది. ఆ పేరును సూచించినది ఆక్స్‌ఫర్డు నగరమునందలి పదునొకండేండ్ల బాలిక వెనీషియా బర్నీ. సూర్యునకు మిక్కిలి దూరమున చరించు గోళమునకు చీకటిలోకపు దొర పేరు చక్కగా అమరినది. 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘము దానిని మరుగుజ్జు గ్రహముగా నిర్ణయించినను పేరు మాఱలేదు. తెలుగున దీనిని 'యమగ్రహము' అనుట కలదు. వియత్నాము భాషయందును యమరాజు పేరే చెల్లుచున్నది. ఈ సమీకరణము ఎంతవఱకు సమంజసమో విచారించుట మా ఉద్దేశము.

గ్రీకులు మృత్యులోకాధిపతిని హేడీసు అని పిలుచుటకు జంకి 'ప్లూటోన్' అనిరి. 'ప్లూటోస్' అనగా సంపద. పంటయు లోహమును భూగర్భమునుండియే వెలువడును గదా! బెల్లంపల్లి, మందమఱ్ఱి, గోదావరిఖని బొగ్గుగనుల నెఱిగిన పాఠకునకు భూగర్భము ధనమును ప్రాణభయమును ఒక్కచోటనే దాచుకొనునని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ రెండును ప్లూటో యనునొక్క మూర్తియందే ఇమిడియున్నవి. మన పురాణములు వానిని ఇరువురకు పంచినవి: ధనదుడగు కుబేరుడు ఉత్తరదిక్పతి, యముడు దక్షిణదిక్పతి. కావున 'యముడు' అను అనువాదమున ప్లూటో సగమే దక్కినాడు.

మనవారును యమునకు మాఱుపేర్లు పెట్టిరి: ధర్మరాజు, సమవర్తి. వీనియందు స్ఫురించునది సంపద కాదు, న్యాయము. గ్రీకు పురాణమున మృతులకు తీర్పు చెప్పువారు మినోస్, రదమంథుస్, ఐయకోస్ అను మువ్వురు. ప్లూటో కేవలము ప్రభువు. యముడో, తానే ధర్మనిర్ణేత. అంతియ కాదు, కఠోపనిషత్తున నచికేతునకు ఆత్మవిద్య నుపదేశించిన ఆచార్యుడు.

ఇరువురి ఆలయములను పోల్చినను ఈ భేదము స్పష్టమగును. ఎలిస్ నగరమున హేడీసు ఆలయము ఏటికొక్కసారి మాత్రమే తెఱువబడెడిదనియు, పూజారి తప్ప అన్యులు లోనికి పోరాదనియు పౌసానియస్ వ్రాసెను. పూర్వపు కరీంనగరము జిల్లాలోనిదై, 2016 నుండి జగిత్యాల జిల్లాలో చేరిన ధర్మపురియందలి యమధర్మరాజు ఆలయము యాత్రికులు దర్శించుకొను గుడి. పాపులను దండించి మనశ్శాంతి గోల్పోయిన యముడు ఇచట గోదావరిలో స్నానమాడి, నరసింహుని సేవించి ఊఱట చెందెనని స్థలపురాణము. దండించువానికే శాంతి కావలసివచ్చెనన్న ఈ భావన 'ప్లూటో' అను పేరున స్ఫురించునది కాదు.

ధర్మపురి శేషప్పకవి నరసింహశతకమున నొక పద్యము నీ దృష్టితో చదువదగును. మరణవేళ యమభటులు ఆగ్రహముతో వచ్చినపుడు, కఫవాతములు క్రమ్మిన భ్రాంతిలో నీ నామము పలుకగలనో లేదో, అందువలన ఇప్పుడే నిన్ను భజింతునని కవి విన్నవించును. అచట యమభటులు లేకపోలేదు. కాని కవి వెఱచునది వారికన్న తన మఱపునకే. యముని మృత్యుభీతికి మాత్రమే సంకేతముగా గ్రహించు పాఠకునకు ఈ పద్యమందలి ఆర్తి పూర్తిగా అందదు.

ఐనను, ఈ అనువాదము కేవలము నష్టమే యనరాదు. యముడు సూర్యపుత్రుడు, శని అతని సోదరుడు. యమగ్రహమన్నచో ఆ యన్నదమ్ములిరువురును తండ్రి చుట్టును తిరుగుచున్నారను ఊహకు చోటు కలుగుచున్నది. పాశ్చాత్యుల శనిగ్రహ నామమునకు మూలమైన సాటర్నునకు గ్రీకు ప్రతిరూపము క్రోనోస్. అతడు ప్లూటోకు తండ్రి. పేరు మాఱగనే ఆకసమునందలి బంధుత్వమే మాఱినది!

కావున నామానువాదము పర్యాయపదమును వెదకుట కాదు, అది వ్యాఖ్యానము. శాస్త్రగ్రంథమున 'ప్లూటో' అనియే వ్రాయుట మేలని మా యభిప్రాయము. 'యముడు' అను పేరును సాహిత్య విద్యార్థులు వాడవచ్చును. కాని అందు పోయిన సంపదను, వచ్చిన ధర్మమును చెప్పియే వాడవలెను.