‘మైదానం’లో రాజేశ్వరి: ప్రేమా, పరాధీనతా?

చలం ‘మైదానం’ 1927లో వెలువడింది. దానిపై సాగిన వాదోపవాదాలలో పెద్దభాగం, వకీలు భార్య రాజేశ్వరి అమీర్‌తో లేచిపోవడం తప్పా ఒప్పా అన్న చోటనే ఆగిపోయింది. లేచిపోయిన తరువాత ఆమె ఏమైంది అన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న.

భర్త ఇంట రాజేశ్వరి మనసుకు విలువ లేదు. మైదానంలో ఆమెకు మనసున్నదని తెలుస్తుంది. కాని దాని పగ్గం అమీర్ చేతిలో ఉంటుంది. అతను నవ్విననాడు ఆమెకు పండుగ, అలిగిననాడు శిక్ష. గర్భం తీయించుకొమ్మని పట్టుబట్టి, ఆమె కాదంటే విడిచిపోతాడు. అతను మరొక పిల్లపై మనసుపడితే రాయబారానికి రాజేశ్వరే వెళుతుంది. చివరకు అతని చావు నేరం కూడ తన నెత్తిన వేసుకొంటుంది. ఒక యజమానిని వదలి మరొక యజమానిని చేరడం స్వేచ్ఛ కానేరదు.

కథను ఆమె నోటనే చెప్పించడం చలం ప్రతిభ. బాధపడే స్త్రీ తన బాధనే సుఖమని ఎట్లా నమ్ముతుందో అందులో కనబడుతుంది. ఆ నమ్మకాన్ని నిలదీసే బలమైన గొంతు మరొకటి లేకపోవడం నవలలోని లోపం. అందుచేత పరాధీనతకు ప్రేమ అన్న పేరు స్థిరపడిపోయింది.

అమీర్ పేరు చూచి ముస్లిమ్ పాఠకులు నొచ్చుకోవడం సహజమే. అయితే అటువంటి మగవాడు నమాజు తప్పని ఇండ్లలోను, నికాహ్ చాటునను ఉండగలడని ఒప్పుకోవడం మరింత అవసరం. విడాకుల గడువు ముగియవచ్చినపుడు బాధించే ఉద్దేశంతో భార్యను నిలుపుకోరాదని దివ్య ఖుర్‌ఆన్ (2:231) ఆదేశించింది. ఆమెను అటూ ఇటూ కాకుండ వేలాడదీయరాదన్నది (4:129). ఈ ఆదేశాలు దెబ్బలకే పరిమితం కావు. 1939 నాటి ముస్లిమ్ వివాహ రద్దు చట్టం కూడ, చేయి చేసుకోకపోయినా ప్రవర్తనతో భార్య బ్రతుకును దుర్భరం చేయడాన్ని క్రూరత్వంగానే గుర్తించింది.

బానిసత్వం నుండి విముక్తురాలైన బరీరా (రజి), తన భర్త ముగీస్ కన్నీళ్లతో వెంట తిరిగినా అతనితో ఉండనన్నది. మహాప్రవక్త (స) అతని తరఫున చెప్పి చూశారు. అది ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమేనని తెలిసి, తన నిర్ణయంపైనే నిలిచింది. ఆమెను ఎవరూ నిందించలేదు.

రాజేశ్వరికి లేనిది ప్రేమ కాదు. కాదనగల ఆ స్థైర్యం. దానిని కుమార్తెలకు నేర్పని ఇల్లు, తెలియకనే మరొక రాజేశ్వరిని పెంచుతున్నది.